అప్‌డేట్ తర్వాత బ్రౌజర్ హ్యాంగ్: అపోహలు - వాస్తవాలు

విండోస్ అప్‌డేట్ పూర్తవుతుంది, సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది, క్రోమో ఫైర్‌ఫాక్సో తెరిస్తే రెండు నిమిషాలకే బిగుసుకుపోతుంది. ఇక అక్కణ్నుంచి చాలామంది వరస ఒక్కటే: హిస్టరీ క్లియర్ చేయడం, బ్రౌజర్ తీసేసి మళ్లీ వేయడం, అప్పటికీ కుదరకపోతే ఫార్మాట్ కొట్టించడం. ఇవన్నీ జబ్బేమిటో చూడకుండా మింగించే మందులు. ఎక్కడ ఆగిందో ముందు చూస్తే చాలా కేసులు అరగంటలో తేలిపోతాయి. విండోస్ 10, 11 మీద నడిచే క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ గురించే ఇక్కడ చెబుతున్నాం. మెనూల పేర్లు, అడ్రస్‌లు తెలుగు లిపిలో ఇచ్చాం, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి.

అపోహ: హ్యాంగ్ ఏదైనా హ్యాంగే, అన్నిటికీ ఒకటే మందు.

వాస్తవం: కనీసం మూడు రకాలున్నాయి, మూడింటికీ కారణాలు వేరు.

ఒకటి, ట్యాబ్ మాత్రమే ఆగడం. 'పేజ్ అన్‌రెస్పాన్సివ్' అని చిన్న పెట్టె వస్తుంది, పక్క ట్యాబ్‌లు మామూలుగానే తెరుచుకుంటాయి. ఇది ఆ వెబ్‌సైట్ తప్పో, ఏదో ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) తప్పో అయివుంటుంది. క్రోమ్, ఎడ్జ్‌లలో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే అబౌట్:ప్రాసెసెస్ అని కొట్టాలి. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత సీపీయూ తింటోందో అక్కడ పేరుతో సహా కనిపిస్తుంది.

రెండోది, కిటికీ మొత్తం ఆగడం. టైటిల్ బార్‌లో 'నాట్ రెస్పాండింగ్' అని పడి, కిటికీ మీద తెల్లటి పొర కప్పినట్టు అవుతుంది. ఆ పొర బ్రౌజర్ గీసింది కాదు. సుమారు 5 సెకన్లు కిటికీ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే విండోసే దాని స్థానంలో ఒక నకలు బొమ్మ పెడుతుంది. అంటే బ్రౌజర్ ప్రధాన ప్రాసెస్ దేనికోసమో ఎదురుచూస్తోందన్నమాట. దేనికోసమో కూడా చూడొచ్చు: రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబ్‌లో బ్రౌజర్ పేరు మీద రైట్ క్లిక్ చేసి 'అనలైజ్ వెయిట్ చైన్' నొక్కండి.

మూడోది గ్రాఫిక్స్ హ్యాంగ్. వీడియో శబ్దం వస్తూనే ఉంటుంది, మౌస్ బాణం కదులుతూనే ఉంటుంది, తెర మీది బొమ్మ మాత్రం కదలదు. లేదా తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగొస్తుంది. అప్‌డేట్ తర్వాత మొట్టమొదట అనుమానించాల్సింది దీన్నే. ఇలా ఆగినప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. బీప్ వినిపించి, తెర ఒకసారి మిణుకుమని గ్రాఫిక్స్ డ్రైవర్ (విండోస్‌కి, గ్రాఫిక్స్ చిప్‌కి మధ్య పనిచేసే ప్రోగ్రామ్) రీసెట్ అవుతుంది. ఆ వెంటనే బ్రౌజర్‌లో కదలిక వస్తే దోషి దాదాపుగా దొరికినట్టే. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 4101 నంబర్ ఎంట్రీ ఉందేమో కూడా చూడండి. డిస్‌ప్లే డ్రైవర్ జవాబివ్వడం మానేసి మళ్లీ కోలుకుందని చెప్పే ఎంట్రీ అది. గ్రాఫిక్స్ చిప్ జవాబు కోసం విండోస్ మామూలుగా ఆగేది 2 సెకన్లే.

అపోహ: అప్‌డేట్ బ్రౌజర్‌ని పాడుచేసింది, తీసేసి మళ్లీ వేస్తే సరి.

వాస్తవం: క్రోమ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ప్రోగ్రామ్ ఫైళ్లు పోతాయి గానీ, మీ ప్రొఫైల్ (సెట్టింగులు, పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు, ఎక్స్‌టెన్షన్లు) ఉండే యూజర్ డేటా ఫోల్డర్ అలాగే ఉంటుంది. మళ్లీ వేసిన క్రోమ్ వెళ్లి ఆ పాత ప్రొఫైల్‌లోనే కూర్చుంటుంది. అందుకే మూడుసార్లు వేసినా అదే హ్యాంగ్. పైగా తీసేటప్పుడు 'బ్రౌజింగ్ డేటా కూడా తొలగించు' అనే గడికి టిక్ పెడితే, సింక్ ఆన్‌లో లేనివాళ్ల పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు అన్నీ పోతాయి. హ్యాంగ్ కన్నా పెద్ద నష్టం ఇది.

ప్రొఫైల్ మీద అనుమానముంటే గెస్ట్ విండో (మీ ప్రొఫైల్, ఎక్స్‌టెన్షన్లు లేని ఖాళీ కిటికీ) తెరిచి పది నిమిషాలు వాడి చూడండి. గెస్ట్‌లో హాయిగా నడిచి, మీ ప్రొఫైల్‌లోనే ఆగుతుంటే అప్పుడు ఎక్స్‌టెన్షన్లు, ప్రొఫైల్ వైపు వెళ్లాలి. గెస్ట్‌లోనూ ఆగితే ప్రొఫైల్‌ని వదిలేయండి, తప్పు బ్రౌజర్ కింద ఉన్న విండోస్, డ్రైవర్లలో ఉంది. ఇన్‌కాగ్నిటోతో ఈ పరీక్ష సగమే అవుతుంది. అందులో మీరు అనుమతించని ఎక్స్‌టెన్షన్లు నడవవు, అంతే. గ్రాఫిక్స్ దారి మాత్రం అదే.

కింద ఏం మారిందో చూద్దాం. పేజీని తెర మీద గీయడం, వీడియో విప్పడం వంటి పనులను బ్రౌజర్ గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగిస్తుంది. మధ్యలో తర్జుమా చేసేది డ్రైవర్. విండోస్ అప్‌డేట్ కొన్నిసార్లు ఆ డ్రైవర్‌ని కూడా మార్చేస్తుంది. మారిందో లేదో అప్‌డేట్ హిస్టరీలో 'డ్రైవర్ అప్‌డేట్స్' కింద తేదీతో సహా ఉంటుంది. ముందు అది చూడండి. తర్వాత క్రోమ్://జీపీయూ పేజీ తెరవండి. పైనే ఉండే జాబితాలో క్యాన్వాస్, రాస్టరైజేషన్, వీడియో డీకోడ్, వెబ్‌జీఎల్ ఎదురుగా 'హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్' అని ఉండాలి. 'సాఫ్ట్‌వేర్ ఓన్లీ' అనో 'డిసేబుల్డ్' అనో ఉంటే చిప్ పని సీపీయూ మీద పడిందన్నమాట. పేజీ అడుగున లాగ్ మెసేజ్‌లలో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ప్రాసెస్ ఆగిపోయినట్టు రాసి ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అపోహ: హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సెట్టింగ్) ఆపేస్తే సమస్య తీరినట్టే.

వాస్తవం: అది పరీక్ష మాత్రమే. ఎన్నో చోట్ల దీన్నే చికిత్సగా చెప్పి వదిలేస్తున్నారు, అది తప్పు. ఆపేస్తే హెచ్‌డీ వీడియో భారమంతా సీపీయూ మోయాలి. ఫ్యాన్ మోగుతుంది, ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా దిగుతుంది.

పరీక్ష ఇలా చేయాలి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ విభాగంలోకి వెళ్లి 'యూజ్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ వెన్ అవైలబుల్' ఆపి, రీలాంచ్ నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో జనరల్ కింద పెర్ఫార్మెన్స్‌లో సిఫార్సు చేసిన సెట్టింగుల టిక్ తీస్తేనే యాక్సిలరేషన్ టిక్ బయటపడుతుంది. సెట్టింగ్స్ దాకా వెళ్లేలోపే ఆగిపోతుంటే, ఫైర్‌ఫాక్స్‌ని షిఫ్ట్ పట్టుకుని తెరవండి. ట్రబుల్‌షూట్ మోడ్‌లో ఎక్స్‌టెన్షన్లూ, యాక్సిలరేషనూ రెండూ ఆగుతాయి. క్రోమ్‌కైతే షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ చివర, కొటేషన్ గుర్తు బయట, ఒక ఖాళీ వదిలి --డిసేబుల్-జీపీయూ అని చేర్చండి. అంతకుముందే టాస్క్ మేనేజర్‌లో క్రోమ్ ప్రాసెస్‌లన్నీ ముగించాలి. ఒక్కటి వెనకాల నడుస్తున్నా ఈ మాట దానికి అందదు. చాలామందికి ఈ పరీక్ష విఫలమయ్యేది ఇక్కడే.

ఆపినప్పుడు హ్యాంగ్ పోయిందా? అయితే అసలు పని ఇప్పుడు మొదలు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్, అందులో మీ చిప్ పేరు, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, 'రోల్ బ్యాక్ డ్రైవర్'. ఆ బటన్ బూడిద రంగులో ఉంటే పాత డ్రైవర్ నిల్వలో లేదని అర్థం. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్‌కి ఇచ్చిన డ్రైవర్ దించుకుని వేయండి. బ్రౌజర్ పూర్తిగా మూసి, యూజర్ డేటా ఫోల్డర్‌లోని షేడర్‌క్యాష్, జీఆర్‌షేడర్‌క్యాష్, ప్రొఫైల్ ఫోల్డర్‌లోని జీపీయూక్యాష్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు వీటిలో ఉండవు, బ్రౌజర్ వీటిని మళ్లీ తయారుచేసుకుంటుంది. చివరగా యాక్సిలరేషన్ మళ్లీ ఆన్ చేయండి. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్ అయితే ఇంకో దారి కూడా ఉంది: డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ కింద బ్రౌజర్‌ని చేర్చి, 'పవర్ సేవింగ్' ఎంచుకుంటే అది చిన్న చిప్ మీద నడుస్తుంది.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి, చేసింది కాగితం మీద రాసుకోండి. నాలుగూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, వచ్చే అప్‌డేట్‌కి మళ్లీ మొదటికొస్తారు.

అపోహ: ర్యామ్ చాలట్లేదు, పెంచాలి.

వాస్తవం: నిన్నటిదాకా అదే ర్యామ్‌తో నడిచింది కదా. అప్‌డేట్ అయిన మొదటి గంటా రెండు గంటలు వెనకాల చాలా పని జరుగుతుంటుంది: ఫైళ్ల ఇండెక్సింగ్, డిఫెండర్ స్కాన్, పాత అప్‌డేట్ ఫైళ్లు సర్దడం. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తూ, జాబితా పైన టైవర్కర్ (TiWorker, అప్‌డేట్లు వేసే విండోస్ ప్రోగ్రామ్) లాంటి పేర్లు ఉంటే అదే సంగతి. ఎస్‌ఎస్‌డీ కాకుండా పాత హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్లలో ఇది బాగా బాధపెడుతుంది. చార్జర్ పెట్టి, నిద్రపోనివ్వకుండా వదిలేయండి. బ్యాటరీ మీద ఉంటే ఈ పనుల్లో కొన్ని వాయిదా పడి, రేపు మళ్లీ తగులుకుంటాయి. మర్నాటికీ డిస్క్ దిగకపోతే అప్పుడు ఆలోచించాలి.

అపోహ: షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను, రీస్టార్ట్ చేసినట్టేగా.

వాస్తవం: కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ కెర్నల్ (విండోస్ మూల భాగం), డ్రైవర్ల స్థితిని డిస్క్ మీద దాచి, ఆన్ చేయగానే అదే తిరిగి తెస్తుంది. మొరాయిస్తున్న డ్రైవర్ స్థితి కూడా అలాగే తిరిగి రావచ్చు. మెనూలో రీస్టార్టే నొక్కాలి.

అపోహ: యాంటీవైరస్‌కి, బ్రౌజర్‌కి సంబంధం లేదు.

వాస్తవం: చాలా యాంటీవైరస్‌లు తమ డీఎల్ఎల్ ఫైలుని (వేరే ప్రోగ్రామ్‌లో కలిసి నడిచే కోడ్ ఫైలు) బ్రౌజర్ ప్రాసెస్ లోపలికి దూరుస్తాయి. విండోస్ మారాక ఆ పాత ఫైలు పొసగకపోతే కిటికీ మొత్తం ఆగుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్:థర్డ్-పార్టీ, క్రోమ్‌లో క్రోమ్://కాన్ఫ్లిక్ట్స్ పేజీలు అలా లోపలికొచ్చిన ఫైళ్ల జాబితా చూపిస్తాయి. యాంటీవైరస్‌ని ముందు కొత్త వెర్షన్‌కి తెచ్చి చూడండి.

అపోహ: అసలు అప్‌డేట్లే ఆపేసుకుంటే గొడవ ఉండదు.

వాస్తవం: నెట్ బ్యాంకింగ్ చేసే మెషీన్‌లో భద్రతా అప్‌డేట్లు ఆపడం తలుపు తెరిచి పడుకోవడమే. గొడవ డ్రైవర్‌తో అయితే డ్రైవర్‌నే ఆపండి. ప్రో ఎడిషన్‌లో గ్రూప్ పాలసీలో విండోస్ అప్‌డేట్‌తో డ్రైవర్లు రాకుండా చేసే సెట్టింగ్ ఉంది. హోమ్ ఎడిషన్ వాళ్లు రోల్ బ్యాక్ చేశాక అప్‌డేట్లను 35 రోజుల్లోపు కొద్దికాలం పాజ్ చేసి, ఆ వ్యవధిలో కంపెనీ సైట్‌లో కొత్త డ్రైవర్ వచ్చిందేమో చూసుకోవచ్చు.

అపోహ: ఇక ఫార్మాట్ తప్ప దారి లేదు.

వాస్తవం: ఫార్మాట్‌కి ముందు రెండు మెట్లున్నాయి. అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో, నెట్ కనెక్ట్ అయి ఉండగా, ముందు డిజమ్ (DISM) కమాండ్‌ని రీస్టోర్‌హెల్త్ ఆప్షన్‌తో నడపండి, అది ముగిశాక పాడైన విండోస్ ఫైళ్లను బాగుచేసే ఎస్‌ఎఫ్‌సీ /స్కాన్‌నౌ. ఈ వరస తిప్పకండి: ఎస్‌ఎఫ్‌సీ బాగుచేయడానికి తెచ్చుకునే మంచి ఫైళ్ల నిల్వను సరిచేసేది డిజమ్. శాతం ఒకేచోట చాలాసేపు నిలబడినా కిటికీ మూయకండి.

రెండో మెట్టు, వెనక్కి వెళ్లడం. నెలవారీ అప్‌డేట్ అయితే అప్‌డేట్ హిస్టరీలోని 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' నుంచి దాన్నొక్కదాన్నే తీయొచ్చు. వెర్షనే మారిన పెద్ద అప్‌డేట్ అయితే రికవరీలో 'గో బ్యాక్' మామూలుగా 10 రోజులే ఉంటుంది. ఆ లోపల డిస్క్ క్లీనప్‌లో 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్' టిక్ పెట్టి ఖాళీ చేశారంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది.