రికార్డు అంకెల వెనుక 2013: టూడీ ఫొటోడిటెక్టర్ల వివాదం ఎక్కడ మొదలైంది?

పరమాణువుల మందం మాత్రమే ఉండే పదార్థాలతో చిప్‌లు తయారు చేస్తామని, అయిదేళ్లకు 500 కోట్ల రూపాయలు కావాలని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)కి చెందిన 30 మంది శాస్త్రవేత్తలు కేంద్రానికి ఇచ్చిన ప్రతిపాదన 2025 ఏప్రిల్‌లో వార్తల్లోకి వచ్చింది. అది ప్రధానంగా ట్రాన్సిస్టర్ల గురించి. కానీ ఈ టూడీ (ద్విమితీయ) పదార్థాల సత్తా గురించి మాట రాగానే, కాంతిని పసిగట్టే ఫొటోడిటెక్టర్ల రికార్డులూ చర్చలోకి వస్తాయి. సిలికాన్ కంటే వేల రెట్లు, లక్షల రెట్లు మేలనే అంకెలు వినిపిస్తాయి. ఆ అంకెలను ఎంతవరకు నమ్మాలన్నదే అసలు తగాదా.

2004లో మాంచెస్టర్‌లో ఒకే పొర కార్బన్ అయిన గ్రాఫీన్‌ను వేరు చేసిన కథ, ఆరేళ్లకు దానికి దక్కిన నోబెల్ అందరికీ తెలిసినవే. నేటి తగాదాకు మూలం మాత్రం 2013లో ఉంది.

ఆ ఏడాది స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆండ్రాస్ కిస్ బృందం ఒకే పొర మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే టూడీ అర్ధవాహకంతో చేసిన డిటెక్టర్ ఒక వాట్ కాంతికి 880 ఆంపియర్ల లెక్కన కరెంటు ఇస్తుందని ప్రకటించింది. అంతకుముందు ఏడాది సింగపూర్‌లో ఇదే పదార్థంతో వచ్చిన విలువ 7.5 మిల్లీఆంపియర్లే. ఒక్కసారిగా లక్ష రెట్లు పైకి! పొర నాణ్యత, లోహపు కాంటాక్టులు మెరుగుపడటం ఇందుకు కారణాలని బృందం వివరించింది. అందులో నిజం ఉంది. అయితే అదే పరిశోధనాపత్రంలో ఇంకో సంగతి కూడా ఉంది. కాంతి పడ్డాక కరెంటు పూర్తిగా పెరగడానికి సుమారు 4 సెకన్లు, కాంతి ఆపాక తగ్గడానికి 9 సెకన్లు పట్టింది. గేటుకు (కరెంటును నియంత్రించే ఎలక్ట్రోడ్‌కు) వోల్టేజి పల్స్ ఇచ్చి ఈ ఆలస్యాన్ని సెకను లోపుకు తేగలిగారు. సింగపూర్ పరికరం 50 మిల్లీసెకన్లలోనే స్పందించింది. 880 మాత్రం ఊరూరా తిరిగింది, 9 సెకన్ల సంగతి పత్రంలోనే ఉండిపోయింది.

ఈ రెండు అంకెలూ ఒకే కారణం నుంచి పుట్టాయి. 561 నానోమీటర్ల కాంతిలో ప్రతి ఫోటాన్‌కూ ఒక ఎలక్ట్రాన్ వచ్చినా వాట్‌కు 0.45 ఆంపియర్లే దక్కుతాయి. 880 రావాలంటే ఒక్కో ఫోటాన్‌కు దాదాపు 2,000 ఎలక్ట్రాన్లు ప్రవహించాలి. ఫోటాన్ (కాంతి కణం) పుట్టించిన ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) జంటలో ఒకటి పదార్థంలోని లోపంలోనో, అడుగున ఉన్న ఆక్సైడ్ అంచులోనో చిక్కుకుపోతుంది. అది విడుదలయ్యేదాకా రెండోది సర్క్యూట్‌లో తిరుగుతూనే ఉంటుంది. చిక్కు ఎంతసేపు ఉంటే కరెంటు అంత పెరుగుతుంది, పరికరం అంత మందగిస్తుంది. దీన్నే ఫొటోగేటింగ్ అంటారు. 2014లో వియన్నాలో థామస్ ముల్లర్ బృందం ఈ ప్రక్రియను విడదీసి చూపింది. పొరను అంటుకున్న నీటి అణువులకూ ఇందులో పాత్ర ఉండవచ్చని చెప్పింది. అంటే ఒక ల్యాబ్‌లో తేమ ఎంత ఉందన్నది కూడా రికార్డును మార్చేయగలదు.

2013లోనే బెంగళూరు నుంచి ఇంకా పెద్ద అంకె వచ్చింది. ఐఐఎస్‌సీలో అరిందమ్ ఘోష్ బృందం గ్రాఫీన్, మాలిబ్డినం డైసల్ఫైడ్ పొరలను జతచేసి గది ఉష్ణోగ్రతలో వాట్‌కు 50 కోట్ల ఆంపియర్లు సాధించింది. మైనస్ 143 డిగ్రీల సెల్సియస్‌లో అది 1,000 కోట్లకు చేరింది. గొప్ప ప్రయోగం, మన దేశం గర్వించదగ్గది. కాంతి తీసేశాక కూడా ఆ పరికరంలో మార్పు నిలిచిపోతుంది, గేటు పల్స్‌తోనే చెరుగుతుంది. ఆ బృందం ఈ విషయాన్ని ఎక్కడా దాచలేదు, పత్రం శీర్షికలోనే దాన్ని మెమరీ పరికరం అని చెప్పింది. ఆ అంకెను కెమెరాల్లో వాడే ఫొటోడయోడ్ పక్కన పట్టికలో పెట్టి పోల్చినవాళ్లదే తప్పు.

అక్కడి నుంచి ఒక దశాబ్దం పాటు ‘మెరుగు’ అంటే ఈ ఒక్క అంకెను పెంచడమే అన్నట్టు సాగింది. చాలాచోట్ల పరికరంలోని శబ్దాన్ని (నాయిస్, అంటే కరెంటులోని అస్తవ్యస్త హెచ్చుతగ్గులను) కొలవకుండా, కాంతి లేనప్పుడు పారే చీకటి కరెంటు నుంచి లెక్కగట్టారు. టూడీ పొరల్లో తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర శబ్దం చాలా ఎక్కువ. దాన్ని వదిలేస్తే సున్నితత్వం వందల, వేల రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. లేజర్ చుక్క పరికరం కంటే పెద్దదైతే, ఎంత కాంతి నిజంగా లోపలికి పోయిందన్న లెక్కా తప్పుతుంది. పైగా కాంతి తగ్గేకొద్దీ వాట్‌కు ఆంపియర్ల విలువ పెరుగుతుంది కాబట్టి, అతి మసక వెలుతురులో వచ్చిన అంకెనే శీర్షికకు ఎక్కించారు. 2019లో నేచర్ ఫొటోనిక్స్‌లో, 2023లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో కొలతల పద్ధతిపై నిపుణులు వివరంగా హెచ్చరించాల్సి వచ్చింది.

అధిక గెయిన్‌ను, అంటే ఒక్కో ఫోటాన్‌కు అనేక ఎలక్ట్రాన్లు రావడాన్ని, సమర్థించేవారి వాదన ఇది: మసక కాంతిని నెమ్మదిగా చూసే పనులకు వేగం అక్కర్లేదు, గెయిన్ ఉంటే తర్వాతి సర్క్యూట్ శబ్దం అడ్డురాదు. నిజమే. అలాంటప్పుడు ఆ పని పేరు చెప్పి, ఆ పనికి తగిన శబ్దాన్ని కొలిచి చూపాలి.

అసలైన ప్రగతి వేరే దారుల్లో జరిగింది. 2009లో ఐబీఎం పరిశోధకుల గ్రాఫీన్ డిటెక్టర్ వాట్‌కు అర మిల్లీఆంపియరే ఇచ్చింది, కానీ 40 గిగాహెర్ట్జ్ దాకా పనిచేసింది. గ్రాఫీన్ ఒక్క పొర 2.3 శాతం కాంతినే పీల్చుకుంటుంది. అందుకని కాంతిని పొర వెంబడే నడిపేలా సిలికాన్ వేవ్‌గైడ్ (కాంతిని నడిపే సన్నని దారి) మీద పరిచారు. ఈ పద్ధతిలో వేగం 100 గిగాహెర్ట్జ్ దాటింది. బార్సిలోనాలోని ఐసీఎఫ్‌ఓ పరిశోధన సంస్థ 2017లో గ్రాఫీన్‌పై లెడ్ సల్ఫైడ్ క్వాంటమ్ డాట్లు (నానో పరిమాణపు స్ఫటికాలు) పరిచి, మామూలు సీమాస్ (సాధారణ సిలికాన్) చిప్ మీద 388×288 పిక్సెళ్ల ఇమేజ్ సెన్సర్ చేసి చూపింది. అది అతినీలలోహితం నుంచి 2,000 నానోమీటర్ల పరారుణం దాకా చూడగలదు. పరారుణ డిటెక్టర్లలో వాడే ఇండియం గాలియం ఆర్సెనైడ్‌ను సిలికాన్‌తో కలపడం కష్టం, ఖరీదు. టూడీ పదార్థాలకు నిజమైన చోటు అక్కడుంది. మరోవైపు టూడీ పొరను హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్ అనే విద్యుత్ నిరోధక పదార్థపు పొరల మధ్య పెట్టి గాలి, తేమ, ఆక్సైడ్‌ల నుంచి కాపాడితే చిక్కులు తగ్గుతాయి, వేగం పెరుగుతుంది. అలాంటప్పుడు గెయిన్ సాధారణంగా పడిపోతుంది కనుక రికార్డు వార్త రాదు.

మన ప్రయోగశాలలకు ప్రజాధనం ఇవ్వాల్సిందే, ఆ అర్హతను బెంగళూరు చాన్నాళ్ల క్రితమే నిరూపించుకుంది. డిటెక్టర్ల విషయంలో నిధులిచ్చేవారు వాట్‌కు ఎన్ని ఆంపియర్లని అడిగి ఆగకూడదు. కొలిచిన శబ్దం ఎంత, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర, ఎంత కాంతిలో, స్పందనకు పట్టిన సమయమెంత, ఒకే వేఫర్ (చిప్‌లు తయారయ్యే పలక) మీద ఎన్ని పరికరాలు అలాగే పనిచేశాయి అన్నవి కూడా దరఖాస్తులోనే ఉండాలి.