మెట్లు లేని గేర్ లీవర్

"పాత స్టీలు ఫ్రేము సైకిలుంది. గేర్ లీవర్లు టిక్కుమనవు, ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతాయి. వెనకాల 11 చక్రాల కొత్త క్యాసెట్ (పళ్ల చక్రాల గుత్తి) వేస్తే ఇవి పనికొస్తాయా, తీసి పారేయాలా?" అని ఒక పాఠకుడు అడిగారు.

పనికొస్తాయి. చాలామంది అనుకునే దానికన్నా బాగానే పనికొస్తాయి.

వీణకు 24 మెట్లుంటాయి. వయొలిన్‌కు ఒక్కటీ ఉండదు, చెవే దిక్కు. 1984లో షిమానో కంపెనీ డ్యూరా-ఏస్ గేర్లతో చేసింది లీవరుకు మెట్లు పెట్టడమే. ఒక టిక్కుకు ఒక గేరు. హాయిగానే ఉంటుంది, కానీ మూడు లెక్కలు కలిస్తేనే. టిక్కుకు కేబుల్ ఎంత కదులుతుంది, దానికి డెరైలర్ (చైనును ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి జరిపే భాగం) ఎన్ని రెట్లు జరుగుతుంది, పక్క చక్రం ఎంత దూరంలో ఉంది? షిమానో 9 స్పీడులో, అంటే వెనక 9 చక్రాలున్న దాంట్లో, టిక్కుకు సుమారు 2.5 మిల్లీమీటర్లు, డెరైలర్ 1.7 రెట్లు. గుణిస్తే 4.25. చక్రాల మధ్య దూరం 4.35. సరిపోయింది. అదే లీవరుకు 10 స్పీడు మౌంటెన్ బైక్ డెరైలర్ తగిలిస్తే 1.2 రెట్లే, అంటే 3 మిల్లీమీటర్లు. చైను ఏ చక్రం మీదా కుదురుగా కూర్చోదు. మెట్లు లేని లీవరుకు ఈ గొడవే లేదు. చైను గరగర ఆగేదాకా జరపడమే.

నాకు అసలు ముచ్చటైన సంగతి ఆ లీవరు ఎలా నిలబడుతుందన్నది. డెరైలర్‌లోని స్ప్రింగు కేబుల్‌ను ఎప్పుడూ ఒకే వైపుకు లాగుతుంటుంది. దాన్ని ఆపేది ఘర్షణ ఒక్కటే, వీణ బిరడా తీగను ఆపినట్టు. బళ్లో మాత్రం ఘర్షణ అంటే 'శక్తి వృథా' అని రాయించి పాఠం ముగిస్తారు!

స్ప్రింగు లాగుడు 5 అనుకుందాం. లీవరు జారకూడదంటే ఘర్షణ అంతకన్నా ఎక్కువుండాలి, 6 అనుకోండి. పెద్ద చక్రం వైపుకు లాగాలంటే వేలు 5, 6 రెండింటినీ గెలవాలి: 11. చిన్న చక్రం వైపుకైతే స్ప్రింగే సాయం చేస్తుంది: 1 చాలు. ఒకవైపు బండరాయి, ఇంకోవైపు వెన్న. జపాన్‌కు చెందిన సన్‌టూర్ దీనికి భలే ఉపాయం చేసింది. లోపల సన్న పళ్ల రాట్చెట్ (ఒకవైపే తేలిగ్గా తిరగనిచ్చే పళ్ల చక్రం) పెట్టింది. లాగేటప్పుడు పళ్లు కిరకిరమంటూ ఘర్షణను తప్పించుకుంటాయి, కాబట్టి వేలికి 5 చాలు. వదిలేటప్పుడు మాత్రం ఘర్షణ అడ్డుంటుంది. ఆ కిరకిర విని గేరు పడిందనుకునేవాళ్లు ఉన్నారు. దానికీ గేరుకూ సంబంధం లేదు.

కాలేజీ రోజుల్లో నేను తెలివిగా లీవరుకు నూనె పోశాను. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే లీవరు మెల్లగా దానంతటదే ముందుకు జరిగి, చైను ఠక్కున చిన్న చక్రం మీద పడేది. దిష్టి తగిలిందని అమ్మమ్మ హ్యాండిల్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. నేను లీవరు విప్పి, నూనె పోయేలా పెట్రోల్‌తో తుడిచి, స్క్రూ బిగించాను. పేరు మాత్రం నిమ్మకాయకే వచ్చింది.

కొత్త క్యాసెట్ల మీద ఈ లీవర్లకు ఇంకో లాభముంది. పాత చక్రాల పళ్లు నిటారుగా ఉండేవి, గేరు మారాలంటే కాస్త ఎక్కువ జరిపి మళ్లీ వెనక్కి రావాలి. ఇప్పటి చక్రాలకు పక్కన ఏటవాలు గాడులు చెక్కి ఉంటాయి. చైను సుమారుగా దగ్గరికొస్తే చాలు, అవే ఎక్కించుకుంటాయి. కాకపోతే 11 స్పీడులో చక్రాల మధ్య దూరం 3.74 మిల్లీమీటర్లే, వేలు తొందరపడితే రెండు గేర్లు దాటేస్తుంది. వారం రోజులు తొక్కితే చేతికి అలవాటవుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. 11 చక్రాల మధ్య సందులు 10, మొత్తం 37.4 మిల్లీమీటర్లు. రోడ్ బైక్ 11 స్పీడు డెరైలర్ సుమారు 1.4 రెట్లు జరుగుతుంది కాబట్టి లీవరు కనీసం 27 మిల్లీమీటర్ల కేబుల్ లాగాలి. కొన్ని పాత లీవర్లలో కేబుల్ చుట్టుకునే డ్రమ్ము మరీ చిన్నది. చివరిదాకా తిప్పినా ఆఖరి పెద్ద చక్రం అందదు. క్యాసెట్ కొనేముందు కేబుల్ విప్పి, ఆ గాడిలో ఒక దారం పెట్టి, లీవరును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, లోపలికి వెళ్లిన దారాన్ని స్కేలు మీద కొలవండి.