1898 నాటి ‘సంప్రదాయం’, అంతరిస్తున్న ఇంటిపేర్లు

పెళ్లయిన జంటకు ఒకే ఇంటిపేరు ఉండి తీరాలన్న జపాన్ చట్టంపై వాదోపవాదాలు మళ్లీ రాజుకోవడంతో, అరుదైన ఇంటిపేర్ల మాట కూడా చర్చకు వచ్చింది. ‘చిన్న పిట్టలు ఆడుకోవడం’ అనే అర్థమిచ్చే చైనా లిపి అక్షరాలతో రాసి ‘టకనాషి’ అని చదివే పేరు అలాంటిది. పిట్టలు నిర్భయంగా ఆడుతున్నాయంటే దరిదాపుల్లో డేగ లేదన్నమాట, ఆ పలుకుకు అర్థమూ ‘డేగ లేదు’ అనే. నాలుగో నెల మొదటి రోజు అని రాసి ‘వటనుకి’ అని చదివే పేరు, చలి బట్టల్లోంచి దూది తీసేసే పాత ఆచారాన్ని దాచుకుంది. సాటో, సుజుకి తూర్పు ప్రాంతాల్లోనూ, టనాకా, యమమోటో పడమటి వైపునా గుంపులుగా కనిపిస్తాయి కానీ, ఈ పొడుపుకథల్లాంటి పేర్లు కొద్ది కుటుంబాలకే పరిమితం.

సామాన్యులకు 1870లో ఇంటిపేరు వాడే అనుమతి, 1875లో తప్పనిసరి చేస్తూ ఆజ్ఞ వచ్చిన సంగతి తరచూ చెప్పుకునేదే. అంతగా చెప్పుకోనిది ఆ మరుసటి ఏడాది సంగతి. పెళ్లయిన స్త్రీ ఏ ఇంటిపేరు రాయాలన్న ప్రశ్నకు, భర్త ఇంటికి వారసురాలైతే తప్ప పుట్టింటి పేరే రాయాలని 1876లో ప్రభుత్వం బదులిచ్చింది. భార్య అత్తింటి పేరు స్వీకరించాలన్న నియమం 1898 నాటి పౌరస్మృతితో వచ్చింది; నేడు అనాదిగా ఉన్నదని సమర్థిస్తున్న ఆచారానికి చట్టంలో ఉన్న వయసు అంతే.

1947 సవరణ ఇద్దరిలో ఎవరి పేరైనా ఎంచుకోవచ్చంది. ఆచరణలో దాదాపు 95 శాతం జంటల్లో పేరు మార్చుకునేది భార్యే కనుక, ఆడపిల్లలే ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు ఇల్లరికం వస్తే తప్ప పేరు అక్కడితో ఆగిపోతుంది. వేల కుటుంబాలున్న పేరుకు అది లెక్కలోకి రాని నష్టం, నాలుగిళ్ల పేరుకు అంతం. 2531 నాటికి జపనీయులందరూ సాటోలే అవుతారని టోహొకు విశ్వవిద్యాలయ ఆచార్యుడొకరు 2024లో లెక్కగట్టారు. ఒక్క ఏడాది పెరుగుదలను శతాబ్దాల పాటు సాగదీసిన అంచనా అది, హెచ్చరికగా చదువుకోవలసిందే తప్ప జోస్యంగా కాదు.

ఇష్టమైనవారు ఎవరి పేరు వారు ఉంచుకునే వీలు కల్పించాలని న్యాయశాఖ సలహా మండలి 1996లోనే సిఫారసు చేసినా ప్రభుత్వం బిల్లు పెట్టలేదు. సుప్రీంకోర్టు 2015లోనూ, 2021లోనూ చట్టాన్ని సమర్థించి నిర్ణయాన్ని పార్లమెంటుకు వదిలేసింది. 2015లో ధర్మాసనంలోని ముగ్గురు మహిళా న్యాయమూర్తులూ అది రాజ్యాంగ విరుద్ధమనే అన్నారు. పరిశ్రమల సమాఖ్య కేదన్‌రెన్ సైతం 2024లో మార్పు కోరింది.

కుటుంబ ఐక్యత దెబ్బతింటుందనే పక్షం, పాత పేరు వాడకాన్ని విస్తరిస్తే చాలంటోంది. పాస్‌పోర్టులో పుట్టింటి పేరును బ్రాకెట్లలో వేయించుకునే వెసులుబాటు ఇప్పటికే ఉంది. అయితే బ్రాకెట్లలోని పేరు పిల్లలకు సంక్రమించదు.