అవినీతి ఒకరిది, ఓటమి మరొకరిది: అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో కుంభకోణాల చరిత్ర

1872 సెప్టెంబరులో న్యూయార్క్ 'సన్' పత్రిక ఒక పెద్ద కుంభకోణాన్ని బయటపెట్టింది. సర్కారు సాయంతో రైలుమార్గం వేసిన యూనియన్ పసిఫిక్ పెద్దలు నిర్మాణ కాంట్రాక్టును క్రెడిట్ మొబిలియే అనే తమ సొంత కంపెనీకే ఇచ్చుకుని, బిల్లులు పెంచి, లాభాలు పంచుకున్నారు. ఎవరూ నోరెత్తకుండా ఉండటానికి ఓక్స్ ఏమ్స్ అనే ప్రతినిధుల సభ సభ్యుడు ఆ షేర్లను తోటి సభ్యులకు చవగ్గా కట్టబెట్టాడు. పేర్లు బయటికొచ్చిన వాళ్లలో సాక్షాత్తు ఉపాధ్యక్షుడు షైలర్ కోల్‌ఫాక్స్ ఉన్నారు. రెండు నెలలకు పోలింగ్ జరిగింది. అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ 55 శాతానికి పైగా ఓట్లతో మళ్లీ గెలిచారు.

సరిగ్గా వందేళ్లకు, 1972 జూన్ 17న, వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో డెమొక్రాటిక్ పార్టీ ఆఫీసులోకి చొరబడిన ఐదుగురు పోలీసులకు దొరికిపోయారు. ఐదు నెలలు తిరక్కుండానే రిచర్డ్ నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలుచుకున్నారు.

అందుకే 2024లో డొనాల్డ్ ట్రంప్ గెలిచినప్పుడు 'కోర్టు దోషి అని తేల్చాక కూడా ఎలా గెలిచాడు' అని వినిపించిన ప్రశ్న వెనక చాలా పెద్ద కథ ఉంది. అమెరికా ఓటరు అవినీతిని పట్టించుకోడని చెప్పేస్తే సరిపోదు. పట్టించుకున్న ఎన్నికలు చాలానే ఉన్నాయి. కాకపోతే ఆ కోపం తప్పు చేసినవాడి మీద కంటే అతని తర్వాత నిలబడ్డవాడి మీదే ఎక్కువసార్లు పడింది. పోలింగ్ నాటికి జనానికి ఏం తెలిసింది, తెలియకుండా ఎవరు అడ్డుపడ్డారు అన్న దగ్గరే అసలు విషయం ఉంది.

ఈ కోపం ఎంత దూరం పోతుందో 1824 ఎన్నికలోనే కనిపించింది. ఆ ఏడు ఆండ్రూ జాక్సన్‌కు 99, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ని ఎన్నుకునే ప్రతినిధుల ఓట్లు) వచ్చాయి. ఎవరికీ మెజారిటీ లేక నిర్ణయం ప్రతినిధుల సభకు వెళ్లింది. సభలో స్పీకర్ హెన్రీ క్లే మద్దతుతో ఆడమ్స్ గెలిచారు. గెలిచాక క్లేను విదేశాంగ మంత్రిని చేశారు. ఇద్దరి మధ్య బేరం కుదిరిందనడానికి రుజువు దొరకలేదు. అయినా జాక్సన్ మనుషులు నాలుగేళ్లపాటు ఊరూరా అదే మాట చెప్పి, 1828లో 178–83 తేడాతో గెలిచారు.

గ్రాంట్ విషయానికొస్తే, ఆయన రెండో విడత మొత్తం కుంభకోణాలతోనే గడిచింది. విస్కీ తయారీదారులు అధికారులకు ముడుపులు ఇచ్చి పన్ను ఎగ్గొడుతున్నారని 1875లో తేలింది. ఆ కేసు అధ్యక్షుడి ఆంతరంగిక కార్యదర్శి దాకా వచ్చింది. 1876 మార్చిలో యుద్ధ మంత్రి విలియం బెల్‌నాప్, ప్రతినిధుల సభ అభిశంసనకు కొద్ది నిమిషాల ముందు రాజీనామా ఇచ్చి తప్పించుకోబోయారు. అయినా సభ ఆగలేదు, అభిశంసించింది. తర్వాత సెనేట్‌లో శిక్షకు కావలసిన ఓట్లు రాలేదు. ఆ ఏడాది ఎన్నికలో డెమొక్రాట్లు ఏరికోరి న్యూయార్క్ గవర్నర్ శామ్యూల్ టిల్డెన్‌ను నిలబెట్టారు. సొంత పార్టీలోని ట్వీడ్ ముఠా అక్రమాలపై పోరాడిన మనిషి ఆయన. జనం ఓట్లలో టిల్డెనే ముందున్నారు. కానీ వివాదాస్పదమైన 20 ఎలక్టోరల్ ఓట్లు ప్రత్యేక కమిషన్‌లో 8–7 తేడాతో, గ్రాంట్ పార్టీయే అయిన రిపబ్లికన్ల అభ్యర్థి రూథర్‌ఫర్డ్ హేస్‌కు వెళ్లాయి. 185–184తో హేస్ అధ్యక్షుడయ్యారు. రెండు పార్టీల రాజీలో భాగంగా, అంతర్యుద్ధం నాటి నుంచి దక్షిణాదిలో ఉన్న సైన్యం రక్షణ తొలగిపోయింది. దాంతో అక్కడి నల్లజాతి పౌరులు దశాబ్దాలపాటు ఓటుహక్కు పోగొట్టుకున్నారు. అవినీతి మీద కోపంతో మొదలైన ఎన్నికకు మూల్యం ఆ అవినీతితో ఏ సంబంధమూ లేనివాళ్లు చెల్లించారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే అధ్యాయం ఇదే.

క్రెడిట్ మొబిలియే జాబితాలో ఉన్న ఇంకో పేరు జేమ్స్ గార్ఫీల్డ్. ఆయనకు ముట్టిందన్న సొమ్ము 329 డాలర్లు. 1880లో ఆయన అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ప్రత్యర్థులు గోడల మీద, తలుపుల మీద, కాలిబాటల మీద '329' అని రాసిపెట్టారు. వేరే మాట అక్కర్లేదు, ఆ అంకె చూస్తే చాలు అందరికీ అర్థమయ్యేది. అయినా ఆయన పదివేల లోపు ఓట్ల ఆధిక్యంతో గట్టెక్కారు.

గట్టెక్కలేకపోయింది జేమ్స్ బ్లెయిన్. మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన ఈ రిపబ్లికన్ నాయకుడు స్పీకర్‌గా ఉన్న రోజుల్లో ఒక రైల్వే కంపెనీకి మేలు చేసి, దాని బాండ్లు అమ్మిపెట్టి లాభపడ్డారని ఆరోపణ. అందుకు సాక్ష్యమైన ఉత్తరాలు బోస్టన్ వ్యాపారి దగ్గర పనిచేసిన మల్లిగన్ అనే గుమాస్తా చేతికి వచ్చాయి. 1876లో అతను వాషింగ్టన్ వస్తే బ్లెయిన్ స్వయంగా హోటల్‌కు వెళ్లి, ఒకసారి చూసి ఇస్తానని ఉత్తరాలు తీసుకున్నారు. మళ్లీ ఇవ్వలేదు. జూన్ 5న అవే ఉత్తరాలను సభలో తనకు అనుకూలంగా ఉన్నంత మేరకు చదివి వినిపించి చప్పట్లు కొట్టించుకున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆ నెలలోనే జరిగిన మహాసభలో పార్టీ టికెట్ ఆయనకు దక్కలేదు.

ఎనిమిదేళ్ల తర్వాత, 1884లో, టికెట్ దొరికింది. సెప్టెంబరులో మరికొన్ని ఉత్తరాలు బయటపడ్డాయి. అందులో ఒకదానితో పాటు బ్లెయిన్ తనకు తనే క్లీన్ చిట్ రాసుకుని, దాని మీద వ్యాపారి సంతకం అడిగారు. చివర్లో 'ఈ ఉత్తరం కాల్చెయ్యి' అని రాశారు. డెమొక్రాట్ల ఊరేగింపుల్లో అదే నినాదమైంది. ప్రత్యర్థి గ్రోవర్ క్లీవ్‌లాండ్ వ్యక్తిగత జీవితం మీదా ఆరోపణలు వచ్చాయి. అయితే ప్రజల డబ్బు విషయంలో ఆయన్ను ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. నిజాయతీ కోసం సొంత పార్టీనే కాదనుకున్న రిపబ్లికన్లు, 'మగ్‌వంప్'లన్న పేరుతో, క్లీవ్‌లాండ్ వైపు వెళ్లారు. చివరికి ఫలితమంతా న్యూయార్క్ మీద ఆధారపడింది. అక్కడ పదకొండు లక్షలకు పైగా ఓట్లు పోలైతే తేడా 1,200 కూడా లేదు. కేథలిక్కులను కించపరుస్తూ ఒక పాస్టర్ బ్లెయిన్ సమక్షంలో నోరు జారడం వల్ల కూడా ఓట్లు పోయాయి. కాబట్టి ఉత్తరాలే ఓడించాయని చెప్పలేం. కానీ కుంభకోణం అభ్యర్థి సొంతదై, పోలింగుకు ముందే కాగితం మీద దొరికి, అసంతృప్తితో ఉన్నవాళ్లు ధైర్యంగా ఓటు వెయ్యగల మనిషి ఎదురుగా ఉన్న అరుదైన ఎన్నిక అది.

ఈ మూడూ కలవకపోతే ఏమవుతుందో టీపాట్ డోమ్ వ్యవహారం చెబుతుంది. వ్యోమింగ్, కాలిఫోర్నియాల్లో నౌకాదళం కోసం దాచిన చమురు క్షేత్రాలను అంతర్గత వ్యవహారాల మంత్రి ఆల్బర్ట్ ఫాల్ వేలం లేకుండా ఇద్దరు చమురు వ్యాపారులకు లీజుకు ఇచ్చేశారు. ముందు అనుమానించింది న్యూ మెక్సికోలో ఆయన ఇంటి చుట్టుపక్కల వాళ్లు. ఏళ్ల తరబడి పన్ను బకాయిలు ఉన్న మనిషి ఒక్కసారిగా బాకీలన్నీ కట్టేసి, పక్క భూములు కొని, గొడ్లు కొని, గడ్డివాము నుంచి గేటు దాకా అన్నీ బాగుచేయిస్తుంటే వాళ్ల కళ్లు ఊరుకోలేదు. ఆ సంగతిని స్థానిక పత్రికా సంపాదకుడు సెనేట్ కమిటీ ముందు చెప్పారు. మోంటానా సెనేటర్ థామస్ వాల్ష్ ఓపిగ్గా తీగ లాగితే, 1924 జనవరిలో ఆ ఇద్దరు చమురు వ్యాపారుల్లో ఒకరైన ఎడ్వర్డ్ డోహెనీ నోరు విప్పక తప్పలేదు. లక్ష డాలర్ల నగదును నల్ల సంచిలో పెట్టి, కొడుకు చేత ఫాల్‌కు పంపానని ఒప్పుకున్నారు. అది అప్పుగా ఇచ్చిందేనట!

ఎన్నికలు అదే ఏడాది. రిపబ్లికన్లు మట్టి కరవాలి. కానీ ఈ నియామకాలు చేసిన అధ్యక్షుడు వారెన్ హార్డింగ్ 1923 ఆగస్టులోనే చనిపోయారు. ఆయన స్థానంలోకి వచ్చిన కాల్విన్ కూలిడ్జ్ రెండు పార్టీల నుంచి చెరొక ప్రత్యేక న్యాయవాదిని పెట్టి, అటార్నీ జనరల్‌ను సాగనంపి చేతులు కడుక్కున్నారు. దెబ్బ తిన్నది డెమొక్రాట్లే. వాళ్లలో ముందంజలో ఉన్న విలియం మెకాడూ అదే డోహెనీ దగ్గర వకీలుగా ఫీజు తీసుకున్నారని బయటపడింది. నల్లజాతి వ్యతిరేక రహస్య సంస్థ కూ క్లక్స్ క్లాన్ మీద తగువు కూడా తోడై ఆ పార్టీ మహాసభ 103 విడతలు ఓటింగ్ జరిపి గానీ అభ్యర్థిని తేల్చుకోలేకపోయింది. కూలిడ్జ్ 54 శాతంతో గెలిచారు. ఫాల్ జైలుకెళ్లింది 1931లో. ఆయన లంచం తీసుకున్నారన్న కోర్టులే, డోహెనీ లంచం ఇవ్వలేదని వదిలేశాయి! ఈ గొడవ వల్ల జరిగిన మంచి ఒక్కటి. సాక్షులను పిలిపించి మాట్లాడించే అధికారం కాంగ్రెస్‌కు ఉందని 1927లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

1952లో ట్రూమన్ హయాంలో పన్నుల శాఖలో బయటపడ్డ లంచాలను రిపబ్లికన్లు 'కొరియా, కమ్యూనిజం, అవినీతి' అనే ప్రచారంలో కలిపి వాడుకున్నారు. ఐసెన్‌హోవర్ గెలిచారు. ట్రూమన్ ఆ ఎన్నికలో పోటీలో లేరు.

ఇక వాటర్‌గేట్. నిజం పోలింగుకు ముందే బయటికొచ్చే అవకాశం ఉందన్న సంగతి చాలామందికి గుర్తుండదు. నిక్సన్ ప్రచారం కోసం ఇచ్చిన 25 వేల డాలర్ల చెక్కు, దొంగల్లో ఒకడి మయామీ బ్యాంకు ఖాతాలో జమైందని 1972 ఆగస్టు 1న 'వాషింగ్టన్ పోస్ట్' రాసింది. ప్రతినిధుల సభ బ్యాంకింగ్ కమిటీ చైర్మన్ రైట్ ప్యాట్‌మన్, 79 ఏళ్ల టెక్సస్ డెమొక్రాట్, ఆ డబ్బు దారి పట్టుకుని వెళ్లాలనుకున్నారు. సెప్టెంబరు 15న నిక్సన్ తన ఆఫీసులో సహాయకులతో ప్యాట్‌మన్‌ను ఎలా ఆపాలో మాట్లాడటం టేపుల్లో రికార్డయింది. అక్టోబరు 3న కమిటీ 20–15 ఓట్లతో సమన్లు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. చైర్మన్ సొంత పార్టీవాళ్లు కొందరు కూడా అవతలి పక్షాన చేతులెత్తారు. పోలింగ్ నవంబరు 7న. ఆ ఐదు ఓట్ల తేడా లేకుంటే ఫలితం మారేదని నేను అనను, నిక్సన్ అంత ముందున్నారు. కానీ ఓటరు ఏం తెలిసి ఓటేశాడన్నది మారేది. ప్రజాస్వామ్యంలో అది చిన్న విషయం కాదు.

తర్వాతి సంగతులు లోకానికి తెలుసు. మేరీల్యాండ్ కాంట్రాక్టర్ల దగ్గర డబ్బు తీసుకున్న కేసులో ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ 1973 అక్టోబరులో, వాటర్‌గేట్ కప్పిపుచ్చినందుకు నిక్సన్ 1974 ఆగస్టు 9న దిగిపోయారు. ఎవరూ అధ్యక్షుడిగా గానీ ఉపాధ్యక్షుడిగా గానీ ఎన్నుకోని జెరాల్డ్ ఫోర్డ్ ఆ కుర్చీలో కూర్చున్నారు. ప్యాట్‌మన్ విచారణను అప్పట్లో వ్యతిరేకించిన రిపబ్లికన్ సభాపక్ష నాయకుడు ఆయనే. వైట్‌హౌస్ చెబితే చేసింది కాదని తర్వాత ప్రమాణం చేసి చెప్పారు. సెప్టెంబరు 8న నిక్సన్‌కు పూర్తి క్షమాభిక్ష ఇచ్చారు. దేశం ముందుకు సాగాలనే ఇచ్చానన్నారు, జనం నమ్మలేదు. రెండేళ్లకు, ఎన్నడూ అబద్ధం చెప్పనని మాటిచ్చిన జార్జియా మాజీ గవర్నర్ జిమ్మీ కార్టర్ 297–240తో గెలిచారు. ఒహాయోలో తేడా పదకొండు వేల చిల్లర ఓట్లే. నిక్సన్ చేసిన దానికి బిల్లు కట్టింది ఫోర్డ్.

1974లో వచ్చిన చట్టం విరాళాలకు పరిమితి పెట్టి, అధ్యక్ష అభ్యర్థులు సర్కారు డబ్బుతో ప్రచారం చేసుకునే ఏర్పాటును బలపరిచింది. అమెరికాలో ట్యాక్స్ ఫైల్ చేసే మన తెలుగువాళ్లు ఫారం 1040 మొదటి పేజీలో 'ఈ నిధికి 3 డాలర్లు వెళ్లాలా' అని అడిగే గడిని చూసే ఉంటారు. అది ఆ ఏర్పాటుకు చెందినదే. ఖర్చు మీద పెట్టిన పరిమితులను సుప్రీంకోర్టు 1976లోనే కొట్టేసింది. 2008లో ఒబామా ఆ డబ్బు వద్దనుకుని సొంతంగా విరాళాలు పోగుచేసుకున్నారు. ఆ ఎన్నిక తర్వాత పెద్ద పార్టీల అభ్యర్థులెవరూ సార్వత్రిక పోరుకు దాన్ని తీసుకోలేదు. సుప్రీంకోర్టు 2010 తీర్పుతో కార్పొరేట్ డబ్బుకూ తలుపులు తెరుచుకున్నాయి. లంచానికీ విరాళానికీ మధ్య గీత పలచబడిపోయాక కుంభకోణం అని దేన్ని పిలవాలో కూడా ఓటరుకు అర్థం కాని స్థితి వచ్చింది.

2016లో అవినీతి అన్న మాట రెండు వైపులా వినిపించింది. డెమొక్రాటిక్ అభ్యర్థి హిల్లరీ క్లింటన్ విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు వాడిన ప్రైవేటు ఈమెయిల్ సర్వర్ లంచం కేసు కాదు. అయినా ప్రచారమంతా అదే నడిచింది. పోలింగ్‌కు 11 రోజుల ముందు, అక్టోబరు 28న, ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ మరికొన్ని ఈమెయిళ్లు చూడాల్సి ఉందని కాంగ్రెస్‌కు లేఖ రాశారు. తేలిందేమీ లేదని నవంబరు 6న చెప్పారు. మూడు రాష్ట్రాల్లో కలిపి సుమారు 78 వేల ఓట్లతో ఫలితం తేలిన ఎన్నికలో ఆ లేఖ ఎంత పనిచేసిందన్నది ఇప్పటికీ తెగని వాదన. 1972లో సమన్లు రాక నిజం ఆగింది. ఇక్కడ తేలకముందే అనుమానం అధికారిక లేఖగా బయటికొచ్చింది. రెంటిలోనూ నష్టపోయింది ఓటరే.

2024 ఈ వరుసలో ఇమడదు. 2016 ఎన్నికల ముందు ఒక నటి నోరు మూయించడానికి ఇచ్చిన 1,30,000 డాలర్లను రికార్డుల్లో తప్పుగా చూపించారని, మొత్తం 34 అభియోగాల్లో ట్రంప్‌ను న్యూయార్క్ జ్యూరీ మే 30న దోషిగా తేల్చింది. పోలింగ్‌కు ఐదు నెలల ముందే అంతా అందరికీ తెలుసు. ఇది రాజకీయ కక్ష అని ఆయన అన్నారు, ఆయన ఓటర్లు నమ్మారు. తీర్పు వచ్చిన 24 గంటల్లో 5 కోట్ల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయని ప్రచార బృందం ప్రకటించింది. అవతల బైడెన్ కుమారుడి కేసులు చూపించి రిపబ్లికన్లు అందరూ అంతేనన్నారు. ధరలు, వలసలు ఓటరు మనసులో ముందున్నాయి. బ్లెయిన్ కాలంలో పార్టీని వదిలి బయటికొచ్చిన మగ్‌వంప్‌ల లాంటివాళ్లు ఈసారి గెలుపోటములను మార్చేంత మంది లేరు. నన్ను కలవరపెట్టేది అదే.

ఆ ఏడాదే జులై 1న సుప్రీంకోర్టు 6–3తో, అధ్యక్షుడు అధికార హోదాలో చేసిన పనులకు క్రిమినల్ విచారణ నుంచి విస్తృతమైన రక్షణ ఉందని తీర్పు ఇచ్చింది. విభేదించిన న్యాయమూర్తి సోనియా సోటోమయోర్, ఫోర్డ్ ఇచ్చిన క్షమాభిక్షనే ఉదాహరణగా చూపించారు. మాజీ అధ్యక్షుడి మీద కేసు పెట్టొచ్చన్న నమ్మకం ఇద్దరికీ ఉండబట్టే ఒకరు ఇచ్చారు, ఇంకొకరు పుచ్చుకున్నారన్నది ఆమె వాదన. ఫోర్డ్‌కు ఎన్నిక పోగొట్టిన ఆ క్షమాభిక్ష, ఇప్పుడు నిక్సన్ లాంటివాళ్లకు అసలు అవసరమే పడకపోవచ్చు.