వైట్ మస్క్: మీ ముక్కుకు అందనంత మాత్రాన అది నకిలీ కాదు

బరంపురంలో నాకు సెంట్లు, అత్తర్ల కొట్టు ఉంది. పెళ్లి బట్టల కోసం ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి, గుణుపురం నుంచి వచ్చేవాళ్లు పట్టుచీరల బేరాలు అయ్యాక మా వీధికీ ఒకసారి వస్తారు. కొన్నాళ్లుగా ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే: "ఘాటు వద్దండీ, శుభ్రంగా ఉతికి ఆరేసిన బట్టలా ఉండాలి. వైట్ మస్క్ ఉందా?" మస్క్ అంటే కస్తూరి వాసన, ఫ్యాక్టరీలో తయారయ్యే దాని మెత్తని రకమే వైట్ మస్క్. తీసుకుని సంతోషంగా వెళ్తారు. వారం తిరక్కుండా వాళ్లలో కొందరు సీసా పట్టుకుని వెనక్కి వస్తారు. "ఇది డూప్లికేట్. కొట్టుకున్న పది నిమిషాలకే వాసన లేదు" అంటారు. నా కొట్టులో కొన్నవే కాదు, వేరే ఊళ్లో, ఆన్‌లైన్‌లో కొన్న సీసాలు కూడా తెచ్చి చూపిస్తారు. మూత తీయగానే అందులో చాలావాటికి మస్క్ వాసన నాకు చక్కగా తెలుస్తుంది. వాళ్లకు మాత్రం తెలియదు.

మిగతా అపోహలు తర్వాత చూద్దాం. జనం డబ్బు ఎక్కువగా పోతున్నది దీనివల్లే కాబట్టి ముందు ఇది తేల్చుకోవాలి.

అపోహ: నాకు వాసన రావట్లేదంటే సెంటు నకిలీది, లేదా నీళ్లు కలిపినది.

వాస్తవం: సెంటు కొట్టుకోగానే ముందు వచ్చేది నిమ్మ, నారింజ, లావెండర్ లాంటి తేలికపాటి వాసన. అది త్వరగా ఎగిరిపోతుంది. చివరిదాకా ఒంటి మీద మిగిలేది మస్క్. నిమ్మజాతి పండ్ల వాసనలో ఉండే లిమొనీన్ అణుభారం 136. వైట్ మస్క్ సెంట్లలో బాగా వాడే గాలక్సోలైడ్ అణుభారం 258. ఇంత బరువైన పదార్థం గాల్లోకి మెల్లగా లేస్తుంది. అందుకే వాసన చూసే పేపర్ స్ట్రిప్ మీద వేస్తే రోజుల తరబడి ఉంటుంది. నిమ్మ వాసనలా ముక్కును ఒక్కసారిగా తాకదు, దగ్గరికి వచ్చినవాళ్లకు నెమ్మదిగా తెలుస్తుంది.

ఇక ముక్కు సంగతి. మనిషి ముక్కులో వాసనలు పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు. వీటి జన్యువులను కనిపెట్టి 1991లో ప్రకటించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ జన్యువులు అందరిలో ఒకేలా ఉండవు. మిగతా వాసనలన్నీ బాగా తెలిసే మనిషికి కూడా ఏదో ఒక మస్క్ అసలు తెలియకపోవచ్చు. ఇది జబ్బు కాదు. వయసుతో వచ్చిన లోపం కూడా కాదు. గాలక్సోలైడ్ అందని మనిషికి ఇంకో రకం మస్క్ బ్రహ్మాండంగా అందవచ్చు. మస్కులు ఒకటి రెండు కావు, చాలా ఉన్నాయి. మంచి తయారీదారులు ఒకే సీసాలో రెండు మూడు రకాలు కలపడానికి ఇదీ ఒక కారణం.

వాసన తెలియకపోవడానికి రెండో కారణం అలవాటు. ఒకే వాసన ఎడతెగకుండా తగులుతుంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మా గంజాం జిల్లాలో ఇది చూడాలంటే వానాకాలంలో ఛత్రపురం వైపు మొగలిపూల నుంచి అత్తరు తీసే బట్టీలకు వెళ్లాలి. కొత్తగా వెళ్లినవాళ్లకు గేటు దగ్గరే తల తిరిగినంత పనవుతుంది. లోపల రాగి డేగిశాల దగ్గర పొద్దుటి నుంచి ఉన్నవాళ్లను అడిగితే "వాసనా? ఏం లేదే" అంటారు. అంత ఘాటైన మొగలి వాసనకే ముక్కు అలవాటు పడిపోతుంటే మెత్తని మస్క్ మాట చెప్పేదేముంది? మీ మెడ మీద కొట్టుకున్నది మీ ముక్కు కిందే గంటల తరబడి ఉంటుంది. మీకు తెలియడం ఆగిపోతుంది, పక్కవాళ్లకు ఆగదు.

ఈ విషయం తెలియక జరిగే నష్టం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. బ్యాంకులో పనిచేసే ఒక కుర్రాడు ఇచ్ఛాపురం నుంచి రోజూ ఇక్కడికి వచ్చిపోతుంటాడు. వాసన తెలియడం లేదని మొదట నాలుగు సార్లు కొట్టుకున్నాడు, తర్వాత పది సార్లు, ఆ తర్వాత చొక్కా మీద కూడా. రైల్లో పక్కనవాళ్లు లేచి వేరే సీట్లోకి వెళ్లేవారట. ఆఫీసులో ఒక మేడం తలనొప్పి అంటే అది తన సెంటు వల్లే అని అతనికి తట్టలేదు. నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఇంకా స్ట్రాంగ్‌ది ఇవ్వు" అన్నాడు. అతను మెట్లెక్కుతుండగానే మా కుర్రాడు లోపల నుంచి "మస్క్ సీసా ఎవరు పగలగొట్టారు?" అని అడిగాడు. విషయం చెబితే ఆ అబ్బాయి చాలాసేపు నమ్మలేదు. చివరికి వాళ్ల అమ్మగారికి ఫోన్ చేశాడు. ఇల్లంతా సబ్బు వాసన కొడుతోందని ఆవిడ నెల రోజులుగా చెబుతూనే ఉన్నారట.

ఇంకొకావిడ సంగతి వేరు. కరోనా వచ్చినప్పుడు ఆమెకు వాసన పోయి మెల్లగా తిరిగి వచ్చింది. కూతురు కొనిచ్చిన వైట్ మస్క్ సెంటులో ఏ వాసనా తెలియకపోయేసరికి మళ్లీ ముక్కు పోయిందని హడలిపోయి వచ్చింది. కళ్లలో నీళ్లు. కూర్చోబెట్టి, పేర్లు చెప్పకుండా ఒక్కొక్కటే చూపించాను. మొగలి చెప్పింది, మల్లె చెప్పింది, సాంబ్రాణి, లవంగం, నిమ్మ అన్నీ చెప్పింది. ఇంకో కంపెనీ మస్క్ ఇస్తే "ఇది పసిపిల్లల పౌడరు వాసనలా ఉంది బాబూ" అంది. ఆమెకు అందనిది ఆ ఒక్క సీసాలోని మస్కే. ఇలాంటి భయం మీకూ ఉంటే ముందు ఇంట్లో కాఫీ పొడి, ఇంగువ, అగరబత్తి చూసుకోండి. అవి తెలుస్తుంటే మస్క్ గురించి టెన్షన్ అక్కర్లేదు. అవి కూడా తెలియకపోతే సెంట్ల కొట్టుకు రావద్దు, ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మరి సీసా నిజంగానే నాసిరకమా, మన ముక్కుకు అందడం లేదా అన్నది ఎలా తేల్చాలి? నేను చెప్పే పద్ధతి చాలా తేలిక. పాత నూలు చేతిరుమాలు మీద ఒక్కసారి కొట్టి మీరు పడుకోని గదిలో పెట్టండి. మర్నాడు పొద్దున ముఖం కడుక్కుని బయట కాసేపు తిరిగి వచ్చి చూడండి. తెలిస్తే సరే. తెలియకపోతే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఆ రుమాలు, సెంటు కొట్టని ఇంకో రుమాలు ఇచ్చి తేడా ఏమిటని అడగండి. ఏది దేనిదో ముందే చెప్పకూడదు. వాళ్లందరూ పట్టేసి మీకు మాత్రం తెలియకపోతే సీసాలో లోపం లేదు. ఎవరికీ ఏమీ తెలియకపోతే అప్పుడు కొట్టువాడిని నిలదీయండి, మీ పక్షాన నేనూ మాట్లాడతాను.

అందని సెంటును మరి వాడాలా? ఎదుటివాళ్ల కోసమే వాడేవాళ్లు రెండుసార్లు కొట్టుకుని ఆపేస్తే చాలు. మీ సంతోషం కోసం కొనేవాళ్లు మాత్రం మీకు తెలిసే మస్క్ దొరికేదాకా వెతుక్కోవాలి. చాలా సీసాల మీద మస్కుల పేర్లు విడివిడిగా రాయరు కాబట్టి లేబుల్ చదివితే తెలియదు. వేర్వేరు తయారీదారులవి చిన్న నమూనాలు తీసుకుని చూడడమే దారి. అదే సెంటు ఇంకా పెద్ద సీసా కొన్నా, ఇంకా ఘాటుది కొన్నా అందులో అదే మస్క్ ఉంటే మీ ముక్కుకు మళ్లీ సున్నానే.

కొట్టులో పరీక్షించేటప్పుడు మూత వాసన చూసి డబ్బు ఇచ్చేయకండి. పేపర్ స్ట్రిప్ మీద మొదట తెలిసేది నిమ్మా పువ్వులే. మణికట్టు మీద వేయించుకుని, మిగతా బజారు పనులు చూసుకుని గంట తర్వాత తిరిగి రండి. అప్పుడు ఒంటి మీద ఉన్నదే మీరు రోజంతా మోయబోయే వాసన. మా కోస్తా ఉక్కలో వనిల్లా, కారమెల్ ఎక్కువగా కలిసిన మస్క్ మధ్యాహ్నానికి వెగటు పుట్టిస్తుంది. ఎండాకాలానికి నిమ్మజాతి, లావెండర్, లిల్లీ తోడున్నవి చూడండి. చందనం తోడున్నవి డిసెంబరు, జనవరికి బాగుంటాయి. మొగలి అత్తరు రాసుకున్న చోటే మస్క్ కొడితే మస్క్ పూర్తిగా మునిగిపోతుంది.

అపోహ: వైట్ మస్క్ కస్తూరి మృగం నుంచి తీసింది. పూజ గదిలో పెట్టుకోవచ్చా, శాకాహారులం వాడవచ్చా అని పెద్దవాళ్లు సంకోచంగా అడుగుతారు. నిశ్చింతగా వాడండి. మార్కెట్లో దొరికే వైట్ మస్క్ ఫ్యాక్టరీలో తయారయ్యేదే. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పేలుడు పదార్థాల మీద పనిచేస్తుండగా కస్తూరి వాసన ఉన్న పదార్థం తయారైంది. కృత్రిమ మస్కుల కథ అక్కడ మొదలైంది. అసలు కస్తూరికి ఆ వాసన ఇచ్చే మస్కోన్ నిర్మాణాన్ని 1926లో లియోపోల్డ్ రుజీచ్కా తేల్చాడు. గాలక్సోలైడ్ 1960లలో వచ్చింది. అది నీళ్లలో కరగదు, బట్టను పట్టుకుని ఉంటుంది. అందుకే బట్టల సబ్బు పొడుల్లో, ఫ్యాబ్రిక్ కండిషనర్లలో విపరీతంగా వాడారు. ఈ వాసన తగలగానే ఉతికిన బట్టలు గుర్తుకు రావడం అలా అబ్బిందే. ఆ తర్వాత 1981లో ది బాడీ షాప్ వైట్ మస్క్ పేరుతో సెంటు తెచ్చాక ఆ పేరు ఇంటింటికీ చేరింది.

అపోహ: హిమాలయాల నుంచి తెచ్చిన అసలు కస్తూరి దొరుకుతుంది. సంతల్లో, యాత్రల్లో ఎండిన తోలు తిత్తి చూపించి రహస్యంగా అమ్ముతారు. దయచేసి కొనకండి. కస్తూరి మృగం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, కొన్నవాడూ నేరస్థుడే. తిత్తి మగ జంతువుకే ఉంటుంది కానీ ఉచ్చుకు ఆడా మగా తేడా తెలియదు, పిల్లలతో సహా చస్తాయి. మందు కోసం కావాలంటే ఆయుర్వేద వైద్యుడిని అడగండి. మొక్క నుంచి వచ్చే కస్తూరి వాసన కావాలనుకుంటే కస్తూరి బెండ గింజల అత్తరు ఉంది. లతాకస్తూరి అన్నా అదే.

అపోహ: మస్క్ నూనె తెల్లగా, చిక్కగా ఉంటేనే అసలుది. రంగుకూ నాణ్యతకూ సంబంధం లేదు. మస్క్ తహారా అనే పాలలాంటి మస్క్ నూనెకు ఆ రూపం అందులో కలిపిన బేస్, అంటే వాసనను కలిపే మూల పదార్థం వల్ల వస్తుంది. నీళ్లలా తేటగా ఉన్న మస్క్ కూడా గొప్పగా ఉండవచ్చు.

అపోహ: అత్తరులో ఆల్కహాల్ లేదు కాబట్టి చర్మానికి ఏమీ కాదు. ఆల్కహాల్ లేకపోయినా వాసన పదార్థాల వల్ల దద్దుర్లు రావచ్చు, సహజ నూనెల వల్ల కూడా. పాతకాలపు మస్క్ ఆంబ్రెట్ రాసుకుని ఎండలోకి వెళ్తే అలర్జీ వస్తుందని తేలాక అంతర్జాతీయ సుగంధ పరిశ్రమే దాన్ని వాడొద్దంది. పేరూ ఊరూ లేని చౌక నూనెలు నేను అమ్మకపోవడానికి కారణం ఇదే, అందులో ఏం పోశారో ఎవరూ చెప్పలేరు. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒక రోజు ఆగండి. పసిపిల్లలకు అసలు రాయకండి.

అపోహ: కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు మళ్లీ కొత్తదవుతుంది. మామూలు గాలి పీల్చినా అంతే ఫలితం. రెండు నిమిషాలు కొట్టు బయట నిలబడండి, చాలు. ఒక పూటలో మూడు నాలుగు సెంట్లకు మించి చూడకండి.

పెళ్లివారికి ఇంకో మాట. బరంపురం పట్టు మీద సెంటు నేరుగా కొట్టవద్దు, అత్తరు అసలే వద్దు. నూనె మరక పట్టులోంచి పోవడం చాలా కష్టం. ఆల్కహాల్ సెంటు కూడా కొన్ని రంగులను పాడుచేస్తుంది. చీర కట్టుకోకముందే ఒంటికి రాసుకుని ఆరనివ్వండి, లేదా నూలు లోపరికిణీ అంచుకు కొట్టండి. మస్క్ బట్టను పట్టుకుని ఉంటుంది కాబట్టి ముహూర్తం తెల్లవారుజామునే అయినా రాత్రి కొట్టినది అప్పటిదాకా నిలుస్తుంది. పెళ్లికూతురికి వాసన తెలియకపోతే ఆమెతో మళ్లీ కొట్టించకుండా పక్కనున్న పిన్నినో అత్తనో అడగమనండి.