ప్రొబేషన్, డ్రాప్, జీపీఏ: ఎఫ్-1 విద్యార్థుల్లో తిరిగే అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓగా (డిజిగ్నేటెడ్ స్కూల్ అఫీషియల్) పనిచేస్తాను. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద వచ్చిన విద్యార్థుల ఐ-20లు (వీసాకి ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే పత్రాలు), సెవిస్ (ప్రభుత్వ విద్యార్థి డేటాబేస్) రికార్డులు చూడడం నా పని. మా దగ్గరికొచ్చే ఎమ్మెస్ పిల్లల్లో తెలుగువాళ్లు చాలామంది. గ్రేడ్లు తగ్గినప్పుడు వాళ్లు ముందుగా అడిగేది వాట్సాప్ గ్రూపులో సీనియర్ అన్నని. మా ఆఫీసు గుర్తొచ్చేసరికి ఉన్న దారుల్లో సగం మూసుకుపోయి ఉంటాయి. ఆ గ్రూపుల్లో తిరిగే మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: ప్రొబేషన్ వచ్చిందంటే వీసా పోయినట్టే.

కాదు. ప్రొబేషన్ అనేది యూనివర్సిటీ ఇచ్చే హెచ్చరిక. మాస్టర్స్‌లో మామూలుగా జీపీఏ, అంటే 4కి లెక్కేసే గ్రేడ్ల సగటు, 3.0 కంటే తగ్గితే వస్తుంది. ఫుల్ లోడ్ (సెమిస్టర్‌కి చదవాల్సిన కనీస క్రెడిట్లు) రిజిస్టర్ చేసుకుని, యూనివర్సిటీ కొనసాగనిస్తున్నంత కాలం మీ సెవిస్ రికార్డు యాక్టివ్‌గానే ఉంటుంది. భయపడాల్సింది డిస్మిసల్‌కి, అంటే యూనివర్సిటీ నుంచి తీసెయ్యడానికి. దానివల్ల రికార్డు టెర్మినేట్ అయితే, దేశం విడవడానికి డిగ్రీ పూర్తిచేసినవాళ్లకి ఉండే 60 రోజుల గడువు మీకు ఉండదు. ముందే అనుమతి తీసుకుని మానేసినవాళ్లకి ఇచ్చే 15 రోజులు కూడా ఉండవు. అప్పీలు చేసుకోవాలన్నా, వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలన్నా రికార్డు బతికుండగానే మాట్లాడుకోవాలి.

అపోహ: సబ్జెక్టు పోయేలా ఉంటే డ్రాప్ చేసెయ్. ఎఫ్ (ఫెయిల్) కంటే డబ్ల్యూ (డ్రాప్ చేసినట్టు పడే గుర్తు) నయం.

జీపీఏ వరకే చూస్తే నిజమే, డబ్ల్యూ దాన్ని కిందికి లాగదు. వీసా లెక్క వేరు. బ్యాచిలర్స్ విద్యార్థి సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు చదవాలి. మాస్టర్స్‌కి ఎన్నో యూనివర్సిటీ నిర్ణయిస్తుంది, ఎక్కువచోట్ల 9. అంటే మూడు సబ్జెక్టులు. ఒకటి డ్రాప్ చేస్తే 6కి పడిపోతారు. రాత్రి పన్నెండింటికి పోర్టల్‌లో బటన్ నొక్కితే చాలాచోట్ల పని అయిపోతుంది, మీది ఎఫ్-1 అని ఆ బటన్‌కి తెలియదు. పొద్దున మా ఆఫీసుకొచ్చి "అక్కా, నిన్న డ్రాప్ చేశాను, పర్లేదు కదా?" అంటే పర్లేదని చెప్పలేను. ముందు అడిగితే అది అనుమతి, చేసేశాక చెబితే అది ఉల్లంఘన. సబ్జెక్టు అదే, క్రెడిట్లూ అవే. తేడా అంతా ఏది ముందు జరిగిందన్నదే.

ముందే వస్తే దారులున్నాయి. అనుమతితో తక్కువ క్రెడిట్లు చదవడాన్ని రెడ్యూస్డ్ కోర్స్ లోడ్ అంటారు. చదువుకి సంబంధించిన కారణంతో అయితే ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే ఇస్తాం, అప్పుడు కూడా కనీసం 6 క్రెడిట్లు ఉంచుకోవాలి, తర్వాతి రెగ్యులర్ సెమిస్టర్‌లో ఫుల్ లోడ్‌కి రావాలి. కారణాలు కూడా నియమాల్లో రాసిపెట్టి ఉన్నాయి: మొదట్లో ఇంగ్లిష్‌తో ఇబ్బంది, చదవాల్సినదాన్ని అందుకోలేకపోవడం, ఇక్కడి బోధన పద్ధతి అలవాటు లేకపోవడం, స్థాయికి మించిన క్లాసులో పడడం. "జీపీఏ తగ్గుతుందని" అన్నది ఆ జాబితాలో లేదు. ఆరోగ్యం బాగాలేకపోతే నియమం చాలా ఉదారంగా ఉంటుంది. లైసెన్స్ ఉన్న డాక్టరుగానీ క్లినికల్ సైకాలజిస్టుగానీ లేఖ ఇస్తే, అవసరమైతే ఒక్క క్లాసూ లేకుండా ఉండొచ్చు, మొత్తం కలిపి 12 నెలల వరకు. డిప్రెషన్ కూడా ఇందులోకే వస్తుంది. మనవాళ్లు దీన్ని అస్సలు వాడుకోరు. మంచం మీంచి లేవలేని స్థితిలో కూడా మూడు సబ్జెక్టులు పట్టుకుని, మూడూ పోగొట్టుకుని వస్తారు.

డ్రాప్ చేసినదాని బదులు ఆన్‌లైన్ క్లాసు తీసుకుందామనుకునేవాళ్లకి: సెమిస్టర్‌కి ఫుల్ లోడ్‌లో లెక్కలోకొచ్చే ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, 3 క్రెడిట్ల వరకు.

అపోహ: మొదటి సెమ్ ఎలాగోలా గట్టెక్కితే చాలు, జీపీఏ తర్వాత లాగెయ్యొచ్చు.

కాగితం మీద లెక్కేద్దాం. మొదటి సెమిస్టర్‌లో ఒక ఏ, రెండు సీలు. ఏకి 4, సీకి 2 చొప్పున మొత్తం 8, మూడుతో భాగిస్తే 2.67. రెండో సెమిస్టర్‌లో ఒక ఏ, రెండు బీలు తెచ్చుకుంటే ఆరు సబ్జెక్టులకి 18 పాయింట్లు, సరిగ్గా 3.0. కష్టమే, కానీ అయ్యే పనే. అలా కాకుండా అదే 2.67తో తొమ్మిది సబ్జెక్టులు ఈడ్చుకొచ్చి, మధ్యలో పంపించెయ్యలేదనే అనుకుందాం, 30 క్రెడిట్ల డిగ్రీలో చివరి సబ్జెక్టుకి వచ్చారు. పది సబ్జెక్టులకి 30 పాయింట్లు కావాలి, చేతిలో 24 ఉన్నాయి. మిగిలిన ఒక్కదాంట్లో 6 తెచ్చుకోవాలి. ఏకి ఉన్నదే 4.

దీనికి తోడు ఇక్కడ సప్లీలుండవు. మిడ్స్ అటూఇటూ అయినా ఎండ్ సెమ్ ముందు పది రోజులు కూర్చుని గట్టెక్కడం బీటెక్‌లో నడిచింది. ఇక్కడ హోంవర్కులు, క్విజ్‌లు, ప్రాజెక్టు కలిపి సగం మార్కులు ఫైనల్ ఎగ్జామ్‌కి ముందే అయిపోతాయి. దేనికెంతో మొదటి రోజు ఇచ్చే సిలబస్ కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితం చదవకుండా ఆరో వారానికి వచ్చేసినవాళ్లని ప్రతి సెమిస్టర్ చూస్తాను.

అపోహ: టైం చాలకపోతే ఐ-20 పొడిగిస్తారు.

పొడిగింపుకి కారణం కావాలి: రీసెర్చ్‌లో అనుకోని అడ్డంకి, మేజర్ మారడం, కాగితాలున్న అనారోగ్యం లాంటివి. ప్రొబేషన్ వల్లో సస్పెన్షన్ వల్లో ఆలస్యమైతే అది కారణం కాదని ఫెడరల్ నిబంధనలోనే రాసి ఉంది. అప్లికేషన్ కూడా ఐ-20 మీదున్న తేదీ దాటకముందే పడాలి. సీనియర్లలో ఎవరికీ ఈ నిబంధన తెలిసినట్టు లేదు.

అపోహ: సాటిస్ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్ (చదువులో తగినంత ముందుకెళ్లాలన్న నియమం) అమెరికన్ విద్యార్థులకే.

ఆ పేరుతో ఉన్న నియమం ఫెడరల్ ఎయిడ్ (ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం) తీసుకునేవాళ్లకి, ఎఫ్-1 వాళ్లకి ఆ ఎయిడ్ రాదు. అలాగని వదిలెయ్యరు. యూనివర్సిటీ అకడమిక్ స్టాండింగ్ (కొనసాగడానికి కావాల్సిన గ్రేడ్ల నియమాలు) అందరికీ ఒకటే, పైగా డిగ్రీ దిశగా మామూలు వేగంతో ముందుకెళ్తుండాలని ఎఫ్-1 నిబంధనలే అడుగుతాయి.

అపోహ: బయట పార్ట్‌టైం చేసినా గ్రేడ్లు బాగుంటే చాలు.

సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా చెయ్యొచ్చు. అనుమతి లేకుండా బయట స్టోర్‌లో రాత్రి షిఫ్టు చేస్తే గ్రేడ్లు ఎలా ఉన్నా స్టేటస్ (ఇక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కు) పోయినట్టే. తర్వాత రీఇన్‌స్టేట్‌మెంట్‌కి, అంటే పోయిన స్టేటస్ తిరిగి ఇమ్మని అడగడానికి వెళ్లినా, అనధికారంగా పనిచెయ్యలేదన్నది అందులో ఒక షరతు. చదువు వైపు నుంచి నాకు కనిపించేది ఇంకోటుంది. ఆ షిఫ్టు వల్లే మార్కులు పోయినవాళ్లు ఆ మాట మాకు చెప్పలేరు. అడిగితే "టైం మేనేజ్‌మెంట్" అంటారు. అసలు కారణం బయటికి రానప్పుడు మేం ఇచ్చే ట్యూటరింగ్, స్టడీ ప్లాన్ దేనికీ పనికిరావు.

అపోహ: సీనియర్ కోడ్ తీసుకుని వేరియబుల్ పేర్లు మారిస్తే దొరకం.

దొరుకుతారు. ప్రోగ్రాముల పోలికలు పట్టే మాస్ అనే సాఫ్ట్‌వేర్ 1994 నుంచి ఉంది. పేర్లు మార్చినా అది కోడ్ అల్లికను చూస్తుంది.

అపోహ: పిల్లాడి సంగతి అమ్మానాన్నలు ఫోన్ చేస్తే ఆఫీసువాళ్లు చెబుతారు.

నెల్లూరు నుంచో కరీంనగర్ నుంచో ఫోన్ వస్తుంది. "మార్కులొద్దమ్మా, క్లాసులకి వెళ్తున్నాడో లేదో చెప్పు చాలు" అంటారు. చదువుకి లోన్ ఏ పొలం మీద తీసుకున్నారో కూడా చెబుతారు. విద్యార్థి రికార్డుల గోప్యతని కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం ప్రాణం మీదికొచ్చిన అత్యవసరం లాంటివి తప్ప, విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా నేను నోరు విప్పకూడదు. ఆ ఒప్పుకోలు ఫారం మామూలుగా స్టూడెంట్ పోర్టల్‌లోనే దొరుకుతుంది. ఎవరికి, ఏ వివరాలు చెప్పొచ్చో విద్యార్థే రాసిస్తాడు, వద్దనుకుంటే రద్దు చేసుకోవచ్చు. అమ్మానాన్నలు ఆ ఫారం గురించి అడగాల్సింది మమ్మల్ని కాదు, పిల్లాణ్ణి.