'హప్' అని రాసి 'హమ్' అని పలికే భాష

చిరంజీవులైన మనుమరాలికి, మనుమడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరడిగిన దానికి అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. కొరియన్ సీరియళ్ళలో అందరూ 'కమ్సాహమ్నిదా' అని ధన్యవాదాలు చెబుతుంటే, మీ పుస్తకంలో మాత్రం 'హమ్' ఉండవలసిన చోట 'హప్' అని ఎందుకున్నదని కదా మీ సందేహం. అది అచ్చుతప్పు కాదు. అక్కడ ఉన్నది పకారమే. పక్కనున్న నకారం దానిని మకారంగా మార్చింది.

ఇది ఎలా జరుగుతుందో మీ నోటిలోనే చూసుకోవచ్చు. కొరియన్‌లో 'కుక్' అంటే సూపు, 'ముల్' అంటే నీళ్ళు. రెండూ కలిస్తే సూపులోని రసం. రాతలో అది కుక్‌ముల్, పలుకులో కుఙ్ముల్. ఒకసారి 'కుక్' అని ఆగి చూడండి. నాలుక వెనుక భాగం పైకి లేచి గాలిని పూర్తిగా ఆపేస్తుంది, ముక్కు దారి కూడా మూసుకునే ఉంటుంది. తరువాత రావలసిన మకారానికి ఆ దారి తెరుచుకోవాలి. అది కాస్త ముందుగానే తెరుచుకుంటే, నాలుక ఉన్నచోటనే ఉన్నా గాలి ముక్కులోంచి వస్తుంది కనుక కకారం ఙకారమవుతుంది. తకారం నకారం కావడం, పకారం మకారం కావడం కూడా ఇలాగే. వాక్ + మయం వాఙ్మయమైనదీ, జగత్ + నాథుడు జగన్నాథుడైనదీ ఈ దారినే. బడిలో అనునాసిక సంధిని బట్టీపట్టిన నాకు, ఙకారానికి ఇంత పని ఉందని ఎవరూ చెప్పలేదు.

'పాబో' అన్న మాటలో రెండుచోట్లా ఉన్నది ఒకే హల్లు. మాట మొదట అది పకారంగా, అచ్చుల నడుమ బకారంగా వినిపిస్తుంది. (తెలివితక్కువవాడని దాని అర్థం, ఒకరి మీద ఒకరు ప్రయోగించుకోకండి.) నకారం తరువాత కూడా అంతే: హన్ + కుక్ కలిసి 'హన్‌గుక్', అంటే కొరియా, అవుతుంది. మన సరళాదేశ సంధిలో ద్రుతం మీది పరుషం సరళమైనట్లే ఇది. ఒకే అక్షరాన్ని చోటునుబట్టి క అనీ గ అనీ చదివే తమిళం నేర్చిన మీ చెన్నై పిన్ని పిల్లలకు ఇది వింతగా తోచదు. కొరియా చరిత్ర పుస్తకాల్లోని సిల్లా అనే పాత రాజ్యం పేరు మాత్రం కొంచెం వేరు. సిన్ + రా అని రాసినా (ర, ల రెండింటికీ అక్కడ ఒకే అక్షరం), నకారం పక్కనున్న హల్లులో కలిసిపోయి లకారమైంది.

మరి పలికినట్లే ఎందుకు రాయరు? సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించిన కొరియన్ లిపికి, 1933లో ఏర్పరచిన వర్ణక్రమ నియమాలు మూలపదం రూపాన్ని వీలైనంతవరకు చెదరనివ్వవు. కుఙ్ అని రాస్తే సూపు కనిపించదు, కుక్ అని రాస్తే చూడగానే తెలుస్తుంది. మనం వాఙ్మయం అని పలికినట్లే రాసి, లోపలి వాక్కును వెతుక్కోమంటాం. చదివేవారికి వాళ్ళ పద్ధతే మేలని నాకనిపిస్తుంది, నేర్చుకునేవారికి మాత్రం అది కొంత కష్టమే.

'మల్' అంటే మాట. హన్‌గుక్, మల్ కలిస్తే కొరియన్ భాష. దానిని ఎలా పలకాలో ఆదివారం ఫోనులో నాకు చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య